సామ్ గడువు దగ్గర పడింది, ఆఫీసు టెక్సస్‌కి మారుతోంది: ముందు ఏది చేయాలి?

హెర్న్‌డన్_ఎల్ఎల్‌సీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. వర్జీనియాలో మాకు చిన్న ఐటీ కంపెనీ ఉంది. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ), ఓనర్ని నేనే. ఇన్నాళ్లూ ఒక పెద్ద ప్రైమ్ (గవర్నమెంటుతో నేరుగా కాంట్రాక్టు ఉన్న కంపెనీ) కింద సబ్‌గా ఫెడరల్ పనులు చేశాం. ఇప్పుడు మొదటిసారి ఒక ఏజెన్సీకి నేరుగా ప్రపోజల్ వేస్తున్నాం, స్మాల్ బిజినెస్‌లకి కేటాయించిన కాంట్రాక్టు. ప్రపోజల్ వచ్చే నెల మొదటి వారంలో ఇవ్వాలి. అవార్డు, అంటే కాంట్రాక్టు, ఎప్పుడిస్తారో చెప్పలేదు, కొన్ని నెలలు పట్టవచ్చని అందరూ అంటున్నారు.

మా సామ్ (ఫెడరల్ కాంట్రాక్టులు కావాలంటే నమోదు కావలసిన గవర్నమెంటు సైట్) రిజిస్ట్రేషన్ గడువు సరిగ్గా ప్రపోజల్ ఇచ్చిన రెండు వారాలకి ముగుస్తుంది. ఇదే సమయంలో మా కుటుంబం టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మారుతోంది. హెర్న్‌డన్‌లో ఆఫీసు లీజు మరో రెండు నెలల పైచిలుకు ఉంది, అప్పటిదాకా మా వాళ్లు అక్కడి నుంచే పని చేస్తారు. తర్వాత కంపెనీ అడ్రస్ ఫ్రిస్కోలో మేముండే ఇల్లే. బ్యాంకు కూడా అక్కడి దానికి మార్చాలని ఆలోచన.

ఇంకో చిక్కు ఉంది. సామ్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్న మా ఆఫీసు మేనేజర్ ఈ మధ్యే ఉద్యోగం మానేశారు. నాకు రికార్డు కనిపిస్తుంది కానీ మార్చడానికి వీల్లేదు. పైగా పోయిన వారం ఒక ఉత్తరం వచ్చింది. మీ ఫెడరల్ రిజిస్ట్రేషన్ రద్దు కాబోతోంది, 600 డాలర్లు కట్టి వెంటనే రెన్యూ చేయించుకోండి అని. మా కంపెనీ పేరు, నా పేరు, గడువు తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. చూస్తే గవర్నమెంటు ఉత్తరం లాగే ఉంది.

అడ్రస్ ముందు మార్చాలా, రెన్యూవల్ ముందు చేయాలా? మధ్యలో రిజిస్ట్రేషన్ ఆగిపోతే ప్రపోజల్ గతి ఏమిటి? ఆ 600 కట్టాలా? నిజంగా టెన్షన్‌గా ఉంది. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పగలరు.

బాల్టిమోర్_బిడ్డర్ జవాబు:

నమస్తే అండీ. మేము ఏటా బయటి కంపెనీకి డబ్బు కట్టి చేయిస్తాం. పేపర్లు అడిగితే పంపుతాం, మిగతాది వాళ్లే చూసుకుంటారు. టైం లేనివాళ్లకి అది తప్పు కాదనుకుంటా. అడ్రస్ మాత్రం ఇప్పుడే టెక్సస్‌ది పెట్టేయండి, ఒకే పనిని రెండుసార్లు చేసే బాధ తప్పుతుంది. పాత మేనేజర్ గారి పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంటే దాంతోనే లాగిన్ అవ్వచ్చు కదా.

కాంట్రాక్ట్స్_అక్క జవాబు:

నేను ఫెడరల్ కాంట్రాక్టులు చూసే ఉద్యోగంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. సామ్ రాకముందు సీసీఆర్ అని వేరే సిస్టమ్ ఉండేది, 2012లో అది సామ్‌లో కలిసింది. ఆ రోజుల నుంచీ మా కంపెనీ రెన్యూవల్స్ నా చేతి మీదుగానే జరుగుతున్నాయి. కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

బాల్టిమోర్ తమ్ముడూ, నువ్వు మంచి మనసుతోనే చెప్పావు. కానీ అడ్రస్ సంగతిలో, పాస్‌వర్డ్ సంగతిలో నీ మాట వింటే ఈవిడ ప్రపోజల్ ప్రమాదంలో పడుతుంది.

అసలు ప్రశ్నకి నా సమాధానం: ఇప్పుడున్న హెర్న్‌డన్ అడ్రస్‌తోనే, బ్యాంకు కూడా ముట్టుకోకుండా, ముందు రెన్యూవల్ చేసేయండి. గడువు దాకా ఆగకండి, ప్రపోజల్ తేదీ దాకా కూడా ఆగకండి. ఇల్లు మారడం పూర్తయ్యాక అడ్రస్ విడిగా మార్చండి.

ఎందుకో చెప్తాను. రెన్యూవల్‌లో ఏమీ మార్చకపోతే సామ్ మీ పేరు, అడ్రస్‌ని ఇదివరకు సరిచూసిన వివరాలతో పోల్చుకుని సాధారణంగా ముందుకు పంపిస్తుంది. అడ్రస్ మార్చారంటే ఎంటిటీ వ్యాలిడేషన్ (కంపెనీ పేరు, అడ్రస్ నిజమేనా అని సరిచూడడం) మళ్ళీ మొదటి నుంచి జరుగుతుంది. కాగితాలు అప్‌లోడ్ చేయాలి, ఎవరో మనిషి చూడాలి, చాలదంటే తిప్పి పంపుతారు. అది దాటాక డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీ (డిఎల్ఎ) వాళ్లు మీ కేజ్ కోడ్ (కంపెనీకి గవర్నమెంటు ఇచ్చే గుర్తింపు కోడ్) రికార్డు చూస్తారు, ఎందుకంటే ఆ అయిదు అక్షరాల కోడ్ మీ పేరుకి, మీ భౌతిక అడ్రస్‌కి ముడిపడి ఉంటుంది. వాళ్లు ఏదైనా అడుగుతూ ఈమెయిల్ పంపితే, మీరు చూడకపోతే, రిజిస్ట్రేషన్ వెనక్కి వచ్చేస్తుంది. అంతా సజావుగా సాగినా, సబ్మిట్ చేశాక కనీసం పది పనిదినాలు పెట్టుకోండని గవర్నమెంటే చెప్తుంది. వ్యాలిడేషన్ దగ్గర ఇరుక్కుంటే వారాలు పడుతుంది. గడువు ముంచుకొస్తున్నప్పుడు ఆ తలుపు తట్టకూడదు.

అదే రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉండగా అడ్రస్ మార్చడానికి పెడితే పరిస్థితి వేరు. కొత్త వివరాలు పరిశీలనలో ఉన్నంతకాలం పాత రికార్డు తన గడువు దాకా యాక్టివ్‌గానే నిలుస్తుంది. మీరు ఇప్పుడు రెన్యూ చేస్తే సబ్మిట్ చేసినప్పటి నుంచి మళ్ళీ 365 రోజుల లెక్క మొదలవుతుంది. పాత గడువులో మిగిలిన వారాలు పోతాయి, పోనివ్వండి. వాటికి బదులు అడ్రస్ మార్పు ఎంత ఆలస్యమైనా తట్టుకునే వ్యవధి చేతిలో ఉంటుంది.

ఒక షరతు. ఈ మాట చెప్పగలుగుతున్నానంటే మీ లీజు ఇంకా నడుస్తోంది, మీ వాళ్లు నిజంగా హెర్న్‌డన్‌లోనే పని చేస్తున్నారు కాబట్టి. సామ్‌లో పెట్టే ప్రతి వివరం నిజమని మీరు సర్టిఫై చేస్తున్నారు, ఫెడరల్ గవర్నమెంటుకి తప్పు చెప్తే చట్టపరంగా బాధ్యత మీదే. ఖాళీ చేసిన ఆఫీసు అడ్రస్ పెట్టి రెన్యూ చేయమని నేను ఎవరికీ చెప్పను. ఇంకా అడుగు పెట్టని ఫ్రిస్కో అడ్రస్ పెట్టమనీ చెప్పను. ఇవాళ ఏది నిజమో అది రాయండి, మారిన రోజున మార్చండి.

ఇక మధ్యలో ఆగిపోతే ఏమవుతుందన్న ప్రశ్న. మీ సాలిసిటేషన్ (ఏజెన్సీ ప్రపోజల్స్ పిలుస్తూ ఇచ్చిన పత్రం) తెరిచి 52.204-7 అనే క్లాజ్ వెతకండి. సామ్ రిజిస్ట్రేషన్ గురించి చెప్పే ఎఫ్ఏఆర్ (ఫెడరల్ కొనుగోళ్ల నిబంధనలు) క్లాజ్ అదే. 2018లో వచ్చిన వెర్షన్‌లో, ఆఫర్ (అంటే ప్రపోజల్) ఇచ్చేటప్పుడు రిజిస్టరై ఉండాలి, అవార్డు దాకా అలాగే కొనసాగాలి అనే అర్థంలో ఉండేది. 2023లో కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్ ఆ మాటని ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంది. గెలిచిన కంపెనీ రిజిస్ట్రేషన్ మధ్యలో కొద్దికాలం ఆగిపోయిందని పోటీ కంపెనీ కేసు వేస్తే, వేసిన కంపెనీయే నెగ్గింది. పని బాగా చేయగల కంపెనీ, ధర కుదిరిన కంపెనీ, ఇలాంటి ఖాళీ వల్ల చేతికొచ్చిన అవార్డుని వదులుకోవలసి రావడం నాకు ఇప్పటికీ బాధగానే అనిపిస్తుంది.

తర్వాత 2024 నవంబరు 12 నుంచి ఆ క్లాజ్‌ని మార్చారు. ఆఫర్ ఇచ్చే సమయంలో రిజిస్టరై ఉండాలి, అవార్డు సమయంలోనూ ఉండాలి, మధ్యలో కొన్ని రోజులు ఆగిపోయినంత మాత్రాన అనర్హత రాదు అని స్పష్టం చేశారు. మంచి మార్పే. కానీ దాన్ని నమ్ముకుని నిద్రపోవద్దు. అవార్డు ఏ రోజు వస్తుందో మనకి ముందు చెప్పరు. కాంట్రాక్టింగ్ ఆఫీసర్ సంతకం పెట్టే ముందు సామ్ తెరిచి చూస్తారు, ఆ రోజు మీది యాక్టివ్‌గా లేకపోతే మీ కోసం ఆగాలని ఏమీ లేదు. పైగా మీ సాలిసిటేషన్‌లో ఏ వెర్షన్ ఉంటే మీకు అదే వర్తిస్తుంది. తేదీ చూసి, ఆ పేరా అంతా చదవండి.

ఇంతకీ ఈ పనులన్నిటికన్నా ముందు అడ్మినిస్ట్రేటర్ సంగతి తేలాలి, అది లేకుండా మీరు రెన్యూవల్ బటన్ కూడా నొక్కలేరు. మానేసిన వ్యక్తి పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వద్దు. సామ్‌లోకి వెళ్లడానికి వాడే లాగిన్.గవ్ అకౌంటు మనిషికి చెందినది, కంపెనీది కాదు. వేరేవాళ్ల పేరుతో వెళ్లి సర్టిఫికేషన్ల మీద సంతకం పెట్టడం అంటే ఎక్కడికి దారి తీస్తుందో ఆలోచించండి. మీ సొంత లాగిన్‌తో వెళ్లి అడ్మినిస్ట్రేటర్ రోల్ కోసం రిక్వెస్ట్ పెట్టండి. ఆమోదించే అడ్మినిస్ట్రేటర్ లేరు కాబట్టి మీ లెటర్‌హెడ్ మీద అపాయింట్‌మెంట్ లెటర్ రాసి, నోటరీ ముందు సంతకం చేసి, సామ్ సహాయ కేంద్రమైన ఫెడరల్ సర్వీస్ డెస్క్‌లో టికెట్ తెరిచి పంపాలి. నమూనా లెటర్ వాళ్ల సైట్‌లోనే దొరుకుతుంది, దాని మాటల్ని మార్చకుండా వాడండి. 2018లో కొందరు మోసగాళ్లు సామ్‌లో కంపెనీల బ్యాంకు వివరాలు మార్చి గవర్నమెంటు చెల్లింపుల్ని దారి మళ్లించారు, ఈ నోటరీ లెటర్ నిబంధన అప్పుడు వచ్చిందే. చిరాకుగా ఉంటుంది నిజమే, కానీ మన డబ్బుని కాపాడుతున్నదీ అదే. ఈ వారమే నోటరీ దగ్గరికి వెళ్లండి. మీకు రోల్ వచ్చిన తర్వాత నమ్మకమైన ఇంకొకరిని రెండో అడ్మినిస్ట్రేటర్‌గా పెట్టుకోండి.

రోల్ రాగానే పాయింట్ ఆఫ్ కాంటాక్ట్ పేజీలో ఆ మేనేజర్ గారి ఈమెయిల్ ఉందేమో చూసి తీసేయండి. గడువుకి 60, 30, 15 రోజుల ముందు సామ్ పంపే రిమైండర్లు ఆ పేజీలో ఉన్న ఈమెయిళ్లకే వెళ్తాయి. కేజ్ వాళ్లు అడిగే ప్రశ్నలూ అక్కడికే వెళ్తాయి. ఎవరూ తెరవని మెయిల్‌బాక్స్‌లోకి అవి పోతూ ఉంటే మీకు ఏమీ తెలియదు.

రెన్యూవల్‌లో పేజీలు తిరగేస్తూ అన్నిటికీ నెక్స్ట్ నొక్కుతూ పోకండి. రిజిస్ట్రేషన్ ఉద్దేశం దగ్గర ‘ఆల్ అవార్డ్స్’ ఉండాలి. గ్రాంట్లకి మాత్రమే అన్నది ఎంచుకుంటే కాంట్రాక్టులకి పనికిరాదు. మీ సాలిసిటేషన్‌లో ఉన్న నాయిక్స్ కోడ్ (వ్యాపారం ఏ రకమో చెప్పే నంబరు) మీ జాబితాలో ఉందో లేదో చూడండి. ఐటీవాళ్లకి మామూలుగా 541511, 541512 ఉంటాయి. ఆ రెండింటికీ చిన్న కంపెనీ హద్దు 34 మిలియన్ డాలర్ల సగటు వార్షిక ఆదాయం, అయిదేళ్ల సగటు. సామ్‌లో మీరు ఇచ్చే ఆదాయం, ఉద్యోగుల సంఖ్య బట్టే ఏ కోడ్‌కి మీరు చిన్న కంపెనీయో కనిపిస్తుంది. పాత అంకెలు అలాగే వదిలేయకండి. తర్వాత రెప్స్ అండ్ సర్ట్స్ (కంపెనీ గురించి మీరు ఇచ్చే ప్రకటనలు, ధ్రువీకరణలు), అవి ఒక్కొక్కటీ చదవండి. ప్రపోజల్‌లో మీరు చెప్పేదానికీ అక్కడ ఉన్నదానికీ తేడా వస్తే పోటీవాళ్లకి మీరే ఆధారం ఇచ్చినట్టు.

సబ్మిట్ చేశాక పని అయిపోయిందనుకోకండి. ‘సబ్మిటెడ్’ వేరు, ‘యాక్టివ్’ వేరు. సైట్‌లో స్టేటస్ చూసుకునే చోటు ఉంది, ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్తుంది. యాక్టివ్ అని, కొత్త గడువు తేదీతో కనిపించేదాకా రోజూ చూడండి.

ఉత్తరం సంగతి. కట్టకండి. సామ్‌లో నమోదుకీ రెన్యూవల్‌కీ గవర్నమెంటు ఒక్క డాలరు కూడా తీసుకోదు. మీ పేరు, తేదీ వాళ్లకి ఎలా తెలిశాయంటే, సామ్ రికార్డుల్లో చాలా భాగం బహిరంగం. కంపెనీ పేరు, కాంటాక్ట్ మనిషి పేరు, గడువు తేదీ ఎవరైనా చూడొచ్చు. అందుకే ఇలాంటి ఉత్తరాలు సరిగ్గా గడువు ముందు వస్తాయి. డబ్బు తీసుకుని నిజంగానే ఫారం నింపిపెట్టే కంపెనీలు కూడా ఉన్నాయి, వాటిని నేను మోసం అనను. కానీ గవర్నమెంటు ఉత్తరంలా కనిపించేలా అచ్చువేసి, రద్దవుతుందని బెదిరించి డబ్బు అడిగేవాళ్లకి మీ ట్యాక్స్ నంబరు, బ్యాంకు వివరాలు ఇవ్వద్దు. నిజమైన మెయిల్ .గవ్ అడ్రస్ నుంచి వస్తుంది. డిఎల్ఎ నుంచి వచ్చేవి మాత్రం .మిల్‌తో ఉంటాయి.

సాయం కావాలంటే ఉచితంగానే దొరుకుతుంది. గవర్నమెంటు కాంట్రాక్టుల్లో చిన్న కంపెనీలకి సాయపడే కేంద్రాలు ఉన్నాయి. పూర్వం పీటాక్ అనేవారు, ఇప్పుడు ఏపెక్స్ యాక్సిలరేటర్ అంటున్నారు, డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ నిధులతో నడుస్తాయి. వర్జీనియాది జార్జ్ మేసన్ యూనివర్సిటీలో ఉంది. మీరు వెళ్లే వైపు యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆర్లింగ్టన్‌లో ఒకటి ఉంది. కౌన్సెలర్ మీ పక్కన కూర్చుని ప్రతి పేజీ చూపిస్తారు. మన వాళ్లలో చాలామందికి ఇది ఉందనే తెలియదు, ఎక్కడ కలిసినా అందరికీ చెప్తూ ఉంటాను.

పన్నుల_మాస్టారు జవాబు:

అక్క గారు సామ్ లోపలి సంగతంతా చెప్పేశారు. సామ్ బయట జరగాల్సినవి నేను చెప్తాను. నేను సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని), ఇలాంటి చిన్న కంపెనీల లెక్కలు చూస్తుంటాను.

మీ కంపెనీ వర్జీనియాలో పుట్టింది. మీరు ఫ్రిస్కోలో ఉన్నా అది వర్జీనియా ఎల్ఎల్‌సీయే, సామ్‌లో స్థాపించిన రాష్ట్రం దగ్గర వర్జీనియానే ఉండాలి. అక్కడి స్టేట్ కార్పొరేషన్ కమిషన్‌కి ఏటా 50 డాలర్ల రిజిస్ట్రేషన్ ఫీజు కడుతూనే ఉండాలి. కట్టకపోతే కొన్ని నెలలకి ఎల్ఎల్‌సీ దానంతట అదే రద్దవుతుంది. ఇంకో ముఖ్యమైన మాట, అక్కడ రిజిస్టర్డ్ ఏజెంట్ (కంపెనీ తరఫున చట్టపరమైన ఉత్తరాలు అందుకునేవారు) ఎవరు? చాలామంది ఓనర్లు తమ పేరే పెట్టుకుంటారు. మీరు వర్జీనియా వదిలేస్తే ఆ బాధ్యతకి అర్హత పోతుంది. వెళ్లే ముందే అక్కడ ఏజెంట్‌గా ఉండే కంపెనీని పెట్టుకోండి.

టెక్సస్‌లో పని చేయాలంటే బయటి రాష్ట్రపు కంపెనీగా సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర నమోదు చేయాలి. ఫారం 304, ఎల్ఎల్‌సీకి ఫీజు 750 డాలర్లు. ఎక్కువే, తెలుసు. దాని బదులు కంపెనీనే టెక్సస్ ఎల్ఎల్‌సీగా మార్చేద్దాం అని ఎవరైనా అంటారు. ప్రపోజల్ పరిశీలనలో ఉండగా ఆ పని పెట్టుకోకండి. స్థాపించిన రాష్ట్రం మారితే సామ్‌లో ప్రతి కాగితమూ మళ్ళీ కొత్తగా చూపించాలి. టెక్సస్‌లో ఫ్రాంచైజ్ ట్యాక్స్ (కంపెనీల మీద రాష్ట్రం వేసే పన్ను) కూడా ఉంది. 2025 రిపోర్టుకి 2.47 మిలియన్ డాలర్ల ఆదాయం లోపు ఉంటే పన్ను ఉండేది కాదు. కానీ పన్ను లేకపోయినా మే 15 నాటికి సమాచార రిపోర్టు మాత్రం ఇవ్వాలి. అది ఇవ్వకుండా వదిలేస్తే టెక్సస్‌లో వ్యాపారం చేసే హక్కుకే చేటు.

ఇక ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) సంగతి. అడ్రస్ మారాక ఫారం 8822-బి పంపండి. వాళ్ల రికార్డులో ఎక్కడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సామ్ చూసేది ముఖ్యంగా ట్యాక్స్ నంబరు, దాని పక్కన ఐఆర్ఎస్ దగ్గరున్న పేరు. కామా, పుల్‌స్టాప్, ఎల్ఎల్‌సీ అనే మాట ఉందా లేదా, అన్నీ ఆ నంబరు ఇస్తూ ఐఆర్ఎస్ మొదట పంపిన సీపీ 575 ఉత్తరంలో ఉన్నట్టే రాయండి. ఆ ఉత్తరం దొరక్కపోతే ఐఆర్ఎస్‌కి ఫోన్ చేసి ఆ నంబరుని ధ్రువీకరించే 147సీ లెటర్ అడగండి, ఇస్తారు. ఒకే ఓనరున్న ఎల్ఎల్‌సీకి పన్ను వ్యక్తిగత రిటర్న్‌లో కట్టినా సామ్‌లో కంపెనీ ట్యాక్స్ నంబరు (ఈఐఎన్), కంపెనీ పేరే వాడండి.

హెర్న్‌డన్_ఎల్ఎల్‌సీ:

అక్క గారూ, మాస్టారూ, ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. ఉత్తరం పక్కన పడేశాను. నోటరీకి రేపు మా బ్యాంకులోనే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఇంకో రెండు సందేహాలు. ఫ్రిస్కోలో ఇంటి లీజు, కరెంటు కనెక్షన్ అన్నీ మా వారి పేరు మీద ఉన్నాయి. కంపెనీ అక్కడుందని సామ్‌కి ఏం చూపించాలి? దానికన్నా ఒక వర్చువల్ ఆఫీసు తీసుకుంటే నయమా? బ్యాంకు ఎప్పుడు మార్చడం మంచిది? సబ్‌గా చేసిన పనికి ప్రైమ్ నుంచి రావాల్సినవి ఇంకా ఉన్నాయి.

కాంట్రాక్ట్స్_అక్క:

చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. ఇప్పుడే అడిగారు, మంచిదైంది.

మీ వారి పేరు మీద కరెంటు బిల్లు పంపితే అది పనికిరాదు. అందులో మీ కంపెనీ పేరు లేదు కదా. వ్యాలిడేషన్ చేసేవాళ్లకి మిమ్మల్ని చూస్తే సరిపోదు, కంపెనీ చట్టబద్ధమైన పేరు, కొత్త అడ్రస్ ఒకే కాగితం మీద కనిపించాలి. అందుకే కాగితాలు తయారయ్యే వరస ముఖ్యం. టెక్సస్‌లో ఫారం 304 వేసేటప్పుడు కంపెనీ ప్రధాన కార్యాలయం అడ్రస్‌గా ఫ్రిస్కోది రాయండి. వర్జీనియా కమిషన్ రికార్డులో కూడా ప్రధాన కార్యాలయం అడ్రస్ మార్చండి. ఆ రెండూ రాష్ట్ర ప్రభుత్వాల కాగితాలు, పేరూ అడ్రస్సూ రెండూ ఉంటాయి, కాబట్టి గట్టిగా నిలబడతాయి. బ్యాంకులో అడ్రస్ మార్పించి కొత్త స్టేట్‌మెంట్ వచ్చాక దాన్నీ దాచుకోండి. ఇవన్నీ చేతిలో పడ్డాకే సామ్‌లో అడ్రస్ మార్పు మొదలుపెట్టండి. అడ్రస్‌ని అన్నిచోట్లా ఒకేలా రాయండి. ఒకచోట స్ట్రీట్ అని పూర్తిగా, ఇంకోచోట పొట్టిగా, ఒకచోట యూనిట్ నంబరు ఉండి ఇంకోచోట లేకుండా ఉంటే ఊరికే ఆలస్యం. పోస్టాఫీసు వాళ్లు రాసే పద్ధతినే అంతటా పాటించండి.

వర్చువల్ ఆఫీసు వద్దు. సామ్ భౌతిక అడ్రస్‌గా పోస్ట్ బాక్స్‌ని ఒప్పుకోదు. ఉత్తరాలు అందుకునే అద్దె అడ్రస్‌ల మీద కూడా ప్రశ్నలు వస్తాయి. మీరు ఇంట్లోంచే పని చేస్తున్నప్పుడు ఇల్లే మీ నిజమైన అడ్రస్, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఎంతోమంది చిన్న కాంట్రాక్టర్లు ఇంటి అడ్రస్ మీదే ఉన్నారు. ఇంటి అడ్రస్ అందరికీ కనిపిస్తుందని ఇబ్బందిగా ఉంటే, ఉత్తరాల అడ్రస్ విడిగా ఇవ్వచ్చు. అయితే రికార్డు బహిరంగంగా ఉంచాలా వద్దా అన్న ప్రశ్న దగ్గర జాగ్రత్త. వద్దంటే ప్రైమ్‌లకి, మిమ్మల్ని వెతికే ఆఫీసర్లకి మీరు కనిపించరు.

బ్యాంకుని అన్నిటికన్నా ఆఖరున మార్చండి. ప్రైమ్ నుంచి మీకొచ్చే డబ్బుకి సామ్‌తో సంబంధం లేదు, అది మీ ఇద్దరి ఒప్పందం ప్రకారం వస్తుంది, వాళ్లకి విడిగా చెప్పాలి. కానీ రేపు నేరుగా కాంట్రాక్టు వస్తే గవర్నమెంటు చెల్లింపు సామ్‌లో ఉన్న ఖాతాకే వెళ్తుంది. 52.232-33 క్లాజ్‌లో స్పష్టంగా ఉంది: సామ్‌లో బ్యాంకు వివరాలు తప్పుగా ఉంటే, సరిచేసేదాకా గవర్నమెంటు చెల్లించనక్కర్లేదు. అందుకని కొత్త ఖాతా తెరిచాక ఏసీహెచ్‌కి (ఖాతాల మధ్య మామూలు ఎలక్ట్రానిక్ బదిలీకి) వాడే రౌటింగ్ నంబరు ఏదో బ్యాంకుని అడిగి తెలుసుకోండి. కొన్ని బ్యాంకులకి వైర్‌కి ఒకటి, ఏసీహెచ్‌కి ఒకటి ఉంటాయి. కొత్త ఖాతాలో మొదటి చెల్లింపు పడిందని చూసేదాకా పాత ఖాతా మూయకండి.

కాంట్రాక్టు వచ్చాక అడ్రస్ మార్చితే కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కి కూడా ఒక ఉత్తరం రాయడం మంచిది. కంపెనీ పేరు మాత్రం ఇప్పుడు ఎవరు చెప్పినా మార్చకండి. కాంట్రాక్టు నడుస్తుండగా పేరు మారితే దానికి వేరే ఒప్పంద పత్రాలు కావాలి, అది పెద్ద పని.

బాల్టిమోర్_బిడ్డర్:

అక్కా, మీ జవాబు చదివాక మా రికార్డు తెరిచి చూశాను. యాక్టివ్‌గానే ఉంది. కానీ అడ్మినిస్ట్రేటర్‌గా మేము డబ్బు కట్టే కంపెనీ మనిషి ఉన్నాడు, కాంటాక్ట్ ఈమెయిల్ కూడా వాళ్లదే. మా వాళ్లెవరికీ రోల్ లేదు. ఇది ప్రమాదమా?

కాంట్రాక్ట్స్_అక్క:

వాళ్లు మంచివాళ్లే అయినా ఇలా ఉంచకు తమ్ముడూ. మీ బ్యాంకు వివరాలు మార్చగల ఏకైక మనిషి మీ కంపెనీ బయట ఉన్నాడు. మీకు రావాల్సిన రిమైండర్లు, కేజ్ వాళ్ల ప్రశ్నలు ముందు వాళ్ల చేతికి వెళ్తున్నాయి. రేపు వాళ్లతో ఒప్పందం ఆగిపోతే మీ రికార్డు కోసం మీరే అడుక్కోవాలి.

నీ సొంత లాగిన్.గవ్ అకౌంటు తెరువు. రోల్ కోసం రిక్వెస్ట్ పెట్టి, ఆమోదించమని వాళ్లకి రాతపూర్వకంగా అడుగు. ఒప్పుకుంటే నోటరీ అవసరం లేకుండానే పని జరిగిపోతుంది. వారంలో స్పందించకపోతే లెటర్, నోటరీ, టికెట్, పైన ఈవిడకి చెప్పిన దారే. రోల్ వచ్చాక కాంటాక్ట్ పేజీలో మీ వాళ్ల ఈమెయిళ్లు పెట్టు. ఫారం నింపడానికి వాళ్ల సాయం కావాలనుకుంటే డేటా నింపే రోల్ మాత్రం ఇచ్చి ఉంచుకో, సబ్మిట్ నువ్వే చెయ్యి. మేరీల్యాండ్‌లో కూడా ఏపెక్స్ ఆఫీసు ఉంది, వచ్చే రెన్యూవల్‌కి ఒకసారి అక్కడికి వెళ్లి చూడు.

హెర్న్‌డన్ అమ్మాయికి: రోల్ వచ్చిన రోజున ఇక్కడ ఒక మాట రాయండి. రెప్స్ అండ్ సర్ట్స్ నింపేటప్పుడు ఏ ప్రశ్న దగ్గర సందేహం వచ్చినా అడగండి, సాయంత్రాలు చూస్తూ ఉంటాను.